సోలార్ చార్జ్ కంట్రోలర్ కొంటున్నారా? ఆంప్స్ కంటే ముందు ఈ లిమిట్ చూడండి

"అన్నా, 540 వాట్స్ ప్యానెల్ మంచి రేటుకి దొరికింది. 20 ఆంప్స్ కంట్రోలర్ సరిపోతుందా?"

పవర్ బ్యాంకులు, పవర్ స్టేషన్ల గురించి రాయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది స్టూడెంట్స్, వర్క్ ఫ్రమ్ హోమ్ చేసేవాళ్లు. కరెంటు పోయినా వైఫై రూటర్, ల్యాప్‌టాప్, ఫోన్లు ఆగకుండా మేడ మీద చిన్న సోలార్ సెటప్ పెట్టుకుందామని వాళ్ల ప్లాన్. ప్లాన్ మంచిదే. కానీ ఈ ప్రశ్నకి అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పలేం. ఎందుకంటే కంట్రోలర్‌కి ఒక లిమిట్ కాదు, నాలుగైదు ఉంటాయి. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో కనిపించే ఆంప్స్ వాటిలో ఒకటి మాత్రమే. ప్రమాదం విషయానికొస్తే, అన్నిటికంటే తక్కువ భయపడాల్సింది కూడా దానికే.

ఈ ఆర్టికల్‌లో ఆ లిమిట్స్ అన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి, కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

అసలు ఈ బాక్స్ ఏం చేస్తుంది?

ప్యానెల్ నుంచి వచ్చే వోల్టేజ్ ఎండని బట్టి, వేడిని బట్టి మారుతూ ఉంటుంది. బ్యాటరీకేమో ఒక పద్ధతి ప్రకారం, ఒక వోల్టేజ్ దాటకుండా చార్జింగ్ ఇవ్వాలి. ఈ రెండిటి మధ్య కూర్చునేదే చార్జ్ కంట్రోలర్. పీఎం సూర్య ఘర్ పథకం కింద ఇళ్ల మీద పెట్టే ఆన్-గ్రిడ్ సిస్టమ్‌లో సాధారణంగా బ్యాటరీ ఉండదు కాబట్టి ఈ కంట్రోలర్ కూడా ఉండదు. మనం మాట్లాడుకునేది బ్యాటరీ ఉన్న సెటప్ గురించి.

ఉదాహరణకి నేను వాడుతున్న విక్ట్రాన్ స్మార్ట్‌సోలార్ 100/20 తీసుకుందాం. పేరులోనే రెండు నంబర్లు ఉన్నాయి. 100 అంటే ప్యానెల్ వైపు నుంచి రాగల గరిష్ఠ వోల్టేజ్. 20 అంటే బ్యాటరీ వైపు ఇవ్వగల గరిష్ఠ ఆంప్స్. మొదటిది ఇన్‌పుట్ లిమిట్, రెండోది ఔట్‌పుట్ లిమిట్. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నా వాటి స్వభావం వేరు.

ఫోన్‌తో పోల్చి చెప్తా. 18 వాట్స్ తీసుకునే ఫోన్‌కి మంచి కంపెనీ 65 వాట్స్ చార్జర్ పెడితే ఏమవుతుంది? ఏమీ కాదు. ఫోన్ తనకి కావాల్సినంతే లాగుతుంది. అదే ఫోన్‌లోకి 5 వోల్టులు రావాల్సిన చోట నేరుగా 20 వోల్టులు పంపితే? బోర్డు పోతుంది. కంట్రోలర్ కూడా అంతే. కరెంట్‌ని తనే అదుపు చేసుకోగలదు. వోల్టేజ్ ఎక్కువైతే మాత్రం దాన్ని ఆపే దారి దానికి లేదు, ఆ వోల్టేజ్ నేరుగా లోపలి పార్టుల మీద పడుతుంది.

ఇన్‌పుట్ వోల్టేజ్: జనవరి ఉదయం పెట్టే పరీక్ష

ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి. వీఓసీ అని ఒక నంబర్ ఉంటుంది. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ అన్నమాట. అంటే ప్యానెల్ నుంచి ఎవరూ కరెంట్ లాగనప్పుడు కనిపించే వోల్టేజ్. 540 వాట్స్ ప్యానెల్‌కి ఇది సుమారు 49.5 వోల్టులు ఉంటుంది. 36 సెల్స్ ఉన్న 100 వాట్స్ ప్యానెల్‌కి సుమారు 22 వోల్టులు.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. స్టిక్కర్ మీద నంబర్ సెల్ టెంపరేచర్ 25 డిగ్రీలు ఉన్నప్పటిది. సెల్ చల్లబడితే వోల్టేజ్ పెరుగుతుంది. డేటాషీట్‌లో టెంపరేచర్ కోఎఫిషియెంట్ అని ఇస్తారు. ఇప్పటి ప్యానెల్స్‌లో వీఓసీకి ఇది డిగ్రీకి సుమారు 0.25 నుంచి 0.3 శాతం. చిన్న నంబరే అనిపిస్తుంది. కానీ లిమిట్ దగ్గర్లో ఉన్నప్పుడు అదే కొంప ముంచుతుంది.

లెక్క చూద్దాం. రెండు 540 వాట్స్ ప్యానెల్స్ సిరీస్‌లో కలిపితే 49.5 రెట్టింపు, 99 వోల్టులు. లిమిట్ 100. కాగితం మీద పాస్. ఇప్పుడు కోఎఫిషియెంట్ 0.27 అనుకుని, 10 డిగ్రీల చలి ఉన్న ఉదయం తీసుకోండి. 25 కంటే 15 డిగ్రీలు తక్కువ. 15 ఇంటూ 0.27 అంటే 4 శాతం పెరుగుదల. 99 కాస్తా 103 అవుతుంది. లంబసింగి లాంటి చోట సున్నా దగ్గరికి వెళ్లే ఉదయాల్లో 105 దాటుతుంది. చలికాలంలో ఆదిలాబాద్ వైపు, అరకు, పాడేరు వైపు ఇదేమీ ఊహించలేని సంగతి కాదు.

పైగా టైమింగ్ కూడా కలిసిరాదు. ఉదయం ఎండ పడగానే, కంట్రోలర్ ఇంకా చార్జింగ్ మొదలుపెట్టక ముందు ప్యానెల్ సరిగ్గా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్‌లోనే ఉంటుంది. సెల్ ఇంకా వేడెక్కలేదు. అంటే రోజంతటిలో ఎక్కువ వోల్టేజ్ వచ్చేది ఆ కాసేపే.

పోయిన జనవరిలో అరకు వైపు చిన్న హోమ్‌స్టే నడిపే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, మేలో పెట్టించాం, ఏడు నెలలు బాగానే పనిచేసింది, ఇవాళ పొద్దున లైటే వెలగట్లేదు" అన్నాడు. వెళ్లి చూశాను. రెండు 540 వాట్స్ ప్యానెల్స్ సిరీస్‌లో, 100 వోల్టుల లిమిట్ ఉన్న కంట్రోలర్‌కి పెట్టారు. పెట్టినతను 49.5కి 49.5 కలిపి 100 లోపే ఉందని చూసుకున్నాడు. మర్నాడు ఉదయం ప్యానెల్ వైర్లు విడిగా ఉంచి డీసీ మల్టీమీటర్ పెడితే 104 వోల్టులు చూపించింది. షాపువాళ్లు వారంటీ ఇవ్వలేదు. ఇన్‌పుట్ ఓవర్ వోల్టేజ్ వారంటీలోకి రాదని కార్డులోనే రాసి ఉంది. మేలో పెట్టడం వల్ల ఏడు నెలలు నడిచింది, అంతే. చలి రాగానే అసలు లెక్క బయటపడింది.

అందుకే నేను పాటించే రూల్ ఒకటే. సిరీస్‌లో ఉన్న ప్యానెల్స్ వీఓసీ అన్నీ కలిపి, దాన్ని 1.1తో గుణించండి. వచ్చిన నంబర్ కంట్రోలర్ లిమిట్ కంటే తక్కువ ఉండాలి. మన తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరికైనా ఇది సరిపోతుంది. చికాగో లాంటి చోట మైనస్ 20 చూసే మనవాళ్లయితే 1.2తో గుణించాలి.

విక్ట్రాన్ యాప్‌లో గత 30 రోజుల హిస్టరీ ఉంటుంది, ఏ రోజు ప్యానెల్ వోల్టేజ్ గరిష్ఠంగా ఎంతకి వెళ్లిందో అందులో కనిపిస్తుంది. మీ కంట్రోలర్‌కి ఇలాంటి యాప్ ఉంటే డిసెంబర్, జనవరిలో ఒకసారి తెరిచి చూడండి. మార్జిన్ ఎంత మిగిలిందో తెలిసిపోతుంది.

కింద కూడా ఒక లిమిట్ ఉంది: మే మధ్యాహ్నం పెట్టే పరీక్ష

పై లిమిట్ చలికాలం గుర్తుచేస్తే, కింది లిమిట్ ఎండాకాలం గుర్తుచేస్తుంది. ఎంపీపీటీ కంట్రోలర్ స్టార్ట్ అవ్వాలంటే ప్యానెల్ వోల్టేజ్ బ్యాటరీ కంటే కొంత ఎక్కువ ఉండాలి. నేను వాడే 100/20కి స్టార్ట్ అవ్వడానికి 5 వోల్టులు ఎక్కువ కావాలి, తర్వాత నడవడానికి కనీసం 1 వోల్ట్ ఎక్కువ ఉండాలి.

100 వాట్స్ ప్యానెల్ ఒక్కటే 12 వోల్టుల బ్యాటరీకి పెట్టారనుకోండి. పనిచేసేటప్పుడు దాని వోల్టేజ్, అంటే స్టిక్కర్ మీద వీఎంపీ, 18 వోల్టులు. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే ప్యానెల్ సెల్ 70 డిగ్రీల దాకా వెళ్తుంది. వీఎంపీ డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున తగ్గుతుంది. 45 డిగ్రీలకి 18 శాతం. అంటే 18 వోల్టులు కాస్తా 14.8కి దిగుతుంది. బ్యాటరీ 14.4 దగ్గర ఉంటే ఇంక మిగిలేది అర వోల్ట్ కూడా లేదు. ఎండ మండిపోతున్నా చార్జింగ్ నత్తనడక నడుస్తుంది. "ఇంత ఎండలో కూడా బ్యాటరీ నిండట్లేదేంటి" అని అడిగేవాళ్లలో కొందరి సమస్య ఇదే.

అదే రెండు ప్యానెల్స్ సిరీస్‌లో పెడితే మేలో కూడా 29 వోల్టులు దాటి ఉంటుంది. జనవరిలో 44 ఇంటూ 1.1, అంటే 48.4. ఇటు 100 లిమిట్‌కి చాలా దూరం, అటు బ్యాటరీకి కావాల్సిన దానికంటే బాగా ఎక్కువ. ఇలా రెండు వైపులా గ్యాప్ ఉండేలా ప్యానెల్స్ ఎంచుకుంటే ఏ సీజన్‌లోనూ టెన్షన్ ఉండదు.

ఔట్‌పుట్ ఆంప్స్: దాటినా కాలిపోదు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. 540 వాట్స్ ప్యానెల్ ఒకటి, 20 ఆంప్స్ ఎంపీపీటీ కంట్రోలర్. బ్యాటరీ 12 వోల్టులదైతే చార్జింగ్ చివర్లో 14.4 వోల్టులు ఉంటుంది. 14.4 ఇంటూ 20 అంటే 288 వాట్స్. కంట్రోలర్ అంతకంటే ఎక్కువ ఇవ్వదు. మిగతా 250 వాట్స్ ఏమయ్యాయి? ఎక్కడా కాలిపోవు. కంట్రోలర్ ప్యానెల్ నుంచి తక్కువ కరెంట్ లాగుతుంది, అంతే. నీళ్లున్నా కుళాయి సగమే తిప్పినట్టు.

అదే 24 వోల్టుల బ్యాటరీ అయితే 28.8 ఇంటూ 20, అంటే 576 వాట్స్. ప్యానెల్ ఇచ్చేదంతా బ్యాటరీకి చేరుతుంది. కంట్రోలర్ అదే, ప్యానెల్ అదే, బ్యాటరీ వోల్టేజ్ మారితే కెపాసిటీ రెట్టింపు. కాబట్టి "20 ఆంప్స్ సరిపోతుందా" అని అడిగే ముందు "నా బ్యాటరీ 12 వోల్టులా, 24 వోల్టులా" అని చూసుకోండి.

కంట్రోలర్ కెపాసిటీ కంటే కొంచెం ఎక్కువ వాట్స్ ప్యానెల్ పెట్టడం తప్పేమీ కాదు. మబ్బు రోజుల్లో, సాయంత్రాల్లో ఆ ఎక్స్‌ట్రా పనికొస్తుంది. వోల్టేజ్ లిమిట్ లోపల ఉన్నంతవరకే అని మర్చిపోకండి.

ఇంకో మాట. స్పెక్‌లో ఉన్న పూర్తి ఆంప్స్ 40 డిగ్రీల వరకే అని 100/20 డేటాషీట్‌లో ఉంటుంది. మేలో రేకుల షెడ్డు కింద 40 ఎప్పుడో దాటేస్తుంది. ఆ పైన కంట్రోలర్ తనని తాను కాపాడుకోవడానికి ఔట్‌పుట్ తగ్గిస్తుంది. ఎక్కువసేపు గేమ్ ఆడితే ఫోన్ వేడెక్కి స్లో అవ్వడం లాంటిదే. నీడలో, గాలి తగిలే గోడ మీద, నిలువుగా బిగించండి.

దాన్ని బ్యాటరీ పక్కనే పెట్టడం కూడా ముఖ్యం. కంట్రోలర్ నుంచి బ్యాటరీకి 5 మీటర్ల దూరంలో 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే, 20 ఆంప్స్ దగ్గర రానూపోనూ వైర్లలోనే దాదాపు 0.9 వోల్ట్ పోతుంది. 12 వోల్టుల సిస్టమ్‌లో అది చిన్న నష్టం కాదు. బ్యాటరీ నిండకముందే నిండిందని కంట్రోలర్ అనుకుంటుంది.

షార్ట్ సర్క్యూట్ కరెంట్: ఎవరూ చదవని లైన్

స్టిక్కర్ మీద ఐఎస్‌సీ అని ఇంకో నంబర్ ఉంటుంది. 540 వాట్స్ ప్యానెల్‌కి ఇది దాదాపు 13.9 ఆంప్స్. 100/20 డేటాషీట్‌లో దీనికీ లిమిట్ ఉంది, 20 ఆంప్స్. ప్యానెల్ వైర్లు పొరపాటున ప్లస్, మైనస్ తిరగేసి పెడితే ఈ లిమిట్ దాటిన సెటప్‌లో కంట్రోలర్ పోవచ్చు.

ఇప్పుడు రెండు 540 ప్యానెల్స్ సంగతి మళ్లీ చూడండి. సిరీస్‌లో పెడితే వోల్టేజ్ లిమిట్ దాటుతుంది. సరే, ప్యారలల్‌లో పెడదాం అంటే 13.9 రెట్టింపు, దాదాపు 28 ఆంప్స్. 20 లిమిట్ దాటుతుంది. అంటే ఆ జంటకి 100/20 ఏ రకంగానూ కుదరదు. అదే సిరీస్‌లో 100/30 షార్ట్ సర్క్యూట్ లిమిట్ 35 ఆంప్స్, కాబట్టి ప్యారలల్‌కి సరిపోతుంది. అరకులో కూడా చివరికి చేసింది ఇదే. 35 ఆంప్స్ దాకా తట్టుకునే కంట్రోలర్ తెచ్చి ప్యానెల్స్‌ని ప్యారలల్‌లోకి మార్చాం. ఇప్పుడు చలి ఉదయం కూడా వోల్టేజ్ 55 దాటదు.

బాక్స్ మీద ఎంపీపీటీ అని ఉంటే సరిపోదు

తక్కువ ధరకి దొరికే చాలా కంట్రోలర్లు పీడబ్ల్యూఎం రకం. వాటి మీద ఎంపీపీటీ అని ప్రింట్ చేసి అమ్మేవీ ఉన్నాయి. తేడా ఏంటంటే, పీడబ్ల్యూఎం ఒక స్విచ్ లాంటిది. ప్యానెల్‌ని నేరుగా బ్యాటరీకి కలుపుతుంది, దాంతో ప్యానెల్ వోల్టేజ్ బ్యాటరీ వోల్టేజ్ దగ్గరికి పడిపోతుంది. 540 వాట్స్ ప్యానెల్‌ని 12 వోల్టుల బ్యాటరీకి ఇలా కలిపితే వచ్చేది 13 వోల్టులు ఇంటూ 13.5 ఆంప్స్, అంటే దాదాపు 175 వాట్స్. మూడో వంతు కూడా రాదు.

పీడబ్ల్యూఎం చెడ్డదని కాదు. 12 వోల్టుల బ్యాటరీకి 36 సెల్స్ ప్యానెల్ ఒకటి పెడితే చక్కగా పనిచేస్తుంది. కానీ అది కరెంట్‌ని ఎంపీపీటీలా తగ్గించుకోలేదు. కాబట్టి అక్కడ ప్యానెల్ ఐఎస్‌సీని 1.25తో గుణించి, కంట్రోలర్ ఆంప్స్ అంతకంటే ఎక్కువ ఉన్నది తీసుకోవాలి. ఇన్‌పుట్ వోల్టేజ్ లిమిట్ కూడా 12 వోల్టుల బ్యాటరీకి ఒకటి, 24కి ఒకటి అని విడిగా ఇస్తుంటారు. మాన్యువల్‌లో చూసుకోండి.

అసలుదో కాదో తేల్చుకోవడానికి ఒక టెస్ట్ ఉంది. బాగా ఎండ ఉన్నప్పుడు, బ్యాటరీ కొంచెం ఖాళీగా ఉన్నప్పుడు డీసీ క్లాంప్ మీటర్‌తో ప్యానెల్ వైర్‌లో ఆంప్స్, బ్యాటరీ వైర్‌లో ఆంప్స్ కొలవండి. ప్యానెల్ వోల్టేజ్ బ్యాటరీ కంటే బాగా ఎక్కువ ఉండి, బ్యాటరీ వైపు ఆంప్స్ కూడా ఎక్కువ కనిపిస్తే ఎంపీపీటీ. రెండు వైపులా ఒకే ఆంప్స్ ఉండి, వోల్టేజ్ కూడా దాదాపు ఒకటే ఉంటే అది పీడబ్ల్యూఎం. స్టిక్కర్ ఏం చెప్పినా సరే.

బ్యాటరీ వైపు మర్చిపోకూడనివి

కంట్రోలర్ 30 ఆంప్స్ ఇవ్వగలిగినంత మాత్రాన బ్యాటరీ తీసుకోగలదని కాదు. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీకి పదో వంతు, అంటే 15 ఆంప్స్ హాయిగా ఉంటుంది. చిన్న బ్యాటరీ అయితే యాప్‌లో గరిష్ఠ చార్జ్ కరెంట్ తగ్గించి పెట్టుకోండి. బ్యాటరీ రకం సెట్టింగ్ కూడా ముఖ్యం. లిథియం బ్యాటరీకి లెడ్ యాసిడ్ సెట్టింగ్ వదిలేస్తే, ఈక్వలైజేషన్ మోడ్‌లో వోల్టేజ్ 15 దాటి, లోపలి బీఎంఎస్ బ్యాటరీని ఒక్కసారిగా కట్ చేసేయొచ్చు.

కనెక్ట్ చేసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తర్వాత బ్యాటరీ. చాలా కంట్రోలర్లు 12 వోల్టుల సిస్టమా, 24 వోల్టుల సిస్టమా అన్నది బ్యాటరీని చూసే నిర్ణయించుకుంటాయి. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ దగ్గరే డీసీ ఫ్యూజ్ ఒకటి తప్పనిసరి, 20 ఆంప్స్ కంట్రోలర్‌కి 25 ఆంప్స్‌ది వాడుతున్నా.

లోడ్ టెర్మినల్స్‌కి కూడా లిమిట్ ఉంటుంది. అక్కడ ఎల్ఈడీ లైట్లు, రూటర్ పెట్టుకోవచ్చు. ఇన్వర్టర్ మాత్రం పెట్టకండి, స్టార్ట్ అయ్యే క్షణంలో లాగే కరెంట్ ఆ టెర్మినల్స్ తట్టుకోవు. ఇన్వర్టర్‌ని ఫ్యూజ్‌తో నేరుగా బ్యాటరీకి ఇవ్వాలి. ఇక చిన్న కంట్రోలర్ల మీద ఉండే యూఎస్‌బీ పోర్ట్ ఫాస్ట్ చార్జింగ్‌కి పనికిరాదు. 12 నుంచి 24 వోల్టుల ఇన్‌పుట్ తీసుకునే మంచి కార్ చార్జర్ ఒకటి లోడ్ వైపు పెడితే టైప్-సీ ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ స్పీడ్‌గా ఎక్కుతాయి.

పవర్ స్టేషన్లకీ ఇదే లెక్క

కంట్రోలర్ విడిగా కొనకపోయినా ఈ లెక్క తప్పదు. పవర్ స్టేషన్ లోపల ఉండేది కూడా అదే. ఈకోఫ్లో రివర్ 2 సోలార్ ఇన్‌పుట్ 11 నుంచి 30 వోల్టులు, 8 ఆంప్స్, గరిష్ఠంగా 110 వాట్స్. రెండు 100 వాట్స్ ప్యానెల్స్ దీనికి సిరీస్‌లో ఇస్తే 44 వోల్టులు, కుదరదు. ప్యారలల్‌లో ఇస్తే 22 వోల్టులే, ఓకే. తనకి కావాల్సిన 110 వాట్సే తీసుకుంటుంది. 540 వాట్స్ ప్యానెల్ మాత్రం ఒక్కటి కూడా దీనికి పెట్టలేం, 49.5 వోల్టులు కదా. అదే డెల్టా 2 అయితే 60 వోల్టుల దాకా తీసుకుంటుంది. 49.5 ఇంటూ 1.1 అంటే 54.5, కాబట్టి ఒక ప్యానెల్ సరిపోతుంది.

డబ్బు కట్టే ముందు

ప్యానెల్ స్టిక్కర్ ఫోటో, కంట్రోలర్ డేటాషీట్ పక్కపక్కన పెట్టుకుని ఈ వరుసలో చూడండి.

ఒకటి, సిరీస్ వీఓసీ మొత్తం ఇంటూ 1.1 ఇన్‌పుట్ వోల్టేజ్ లిమిట్ కంటే తక్కువ ఉందా? లేకపోతే ఇక్కడే ఆగిపోండి.

రెండు, ఎండాకాలంలో వీఎంపీ 18 శాతం తగ్గినా బ్యాటరీ చార్జింగ్ వోల్టేజ్ కంటే బాగా ఎక్కువ ఉందా?

మూడు, ప్యారలల్‌లో ఉన్న ప్యానెల్స్ ఐఎస్‌సీ మొత్తం లిమిట్ లోపల ఉందా?

నాలుగు, కంట్రోలర్ ఆంప్స్ ఇంటూ బ్యాటరీ చార్జింగ్ వోల్టేజ్ ఎన్ని వాట్స్? ప్యానెల్ కంటే కొంచెం తక్కువైనా పర్లేదు.

ఐదు, అన్ని ఆంప్స్ మీ బ్యాటరీ తీసుకోగలదా?

నాలుగోది తప్పితే కొంచెం పవర్ వదులుకుంటారు. రెండోది తప్పితే చార్జింగ్ నెమ్మదిస్తుంది. మొదటిది తప్పితే ఒక చలి ఉదయం కంట్రోలర్ మొత్తం పోతుంది, డబ్బులూ తిరిగి రావు. షాపులో ఎవరైనా "ఎన్ని ఆంప్స్ కావాలి" అని అడిగితే, మీరు ముందు "ఇన్‌పుట్ ఎన్ని వోల్టుల దాకా తట్టుకుంటుంది" అని అడగండి. డేటాషీట్ చూపించి జవాబు చెప్పే షాపులోనే కొనండి.